బెల్టు గ్రైండరును మన ఒంటికి సరిపడేలా అమర్చుకోవడం ఎలా?

పర్లాకిమిడి_కొలిమి (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. మా ఇంట్లో తాతముత్తాతల నాటి నుంచి కొలిమి పనే. నాన్నగారు ఇప్పటికీ నేల మీద కూర్చుని దాగలి ముందు కొడవళ్లు, గొడ్డళ్లు, కత్తిపీటలు చేస్తారు. నేను రెండేళ్లుగా లారీ కమాను పట్టీలతో వంటింటి కత్తులు చేస్తున్నాను. ఆకురాయితో ఒక్క కత్తికి వాలు (వెన్ను వైపు నుంచి అంచు దాకా పలచబడే ఏటవాలు) తీయడానికే నాకు పూటంతా పట్టేది. అందుకని ఆరు నెలల కిందట 2 అంగుళాల వెడల్పు, 72 అంగుళాల పొడవు ఉన్న బెల్టు తిరిగే గ్రైండరును ఊళ్లోని వెల్డింగు షాపులో చేయించుకున్నాను. పని త్వరగా అవుతున్న మాట నిజమే గాని, గంటసేపు దాని ముందు నిలబడితే మెడ, నడుము పట్టేస్తున్నాయి. అంతకన్నా నన్ను బాధిస్తున్నది మరొకటి ఉంది. కత్తికి కుడి వైపు వాలు తిన్నగానే వస్తుంది, ఎడమ వైపు మాత్రం పిడి దగ్గర లోతుగా తినేసి, మొన దగ్గరికి వచ్చేసరికి పైకి ఎక్కిపోతుంది. నెలలో చేసిన ఎనిమిది కత్తుల్లో మూడింటిని ఇందుకే పక్కన పడేయవలసి వచ్చింది.

కొలతలు ఇస్తున్నాను. మోటారు 1.5 హెచ్‌పీ, సింగిల్ ఫేజు, నిమిషానికి 2880 చుట్లు. మోటారుకు నేరుగా బిగించిన చక్రం వ్యాసం 100 మిల్లీమీటర్లు. స్టాండు ఎత్తు 60 సెంటీమీటర్లు, కత్తిని నొక్కేటప్పుడు బెల్టుకు వెనుక ఆనుగా ఉండే పలక నడిమి భాగం నేల నుంచి 82 సెంటీమీటర్లు. నా ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. షెడ్డులో మట్టి నేల. నా వెనుక గోడకు ఒక ట్యూబులైటు ఉంది. లోపం నా చేతిలో ఉందా, యంత్రాన్ని నిలబెట్టిన తీరులో ఉందా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పాలని కోరుతున్నాను.


బల్లార్షా_ఫిట్టరు

తమ్ముడూ, కొలతలన్నీ ఇచ్చి మంచి పని చేశావు. ముందు మీ ఇంట్లో ఎవరి చేతికైనా టేపు ఇచ్చి ఒక కొలత తీయించు. పనిలో వేసుకునే బూట్లు వేసుకుని, భుజాలు వదులుగా విడిచి, మోచేతిని మడిచి, ముంజేయి నేలకు సమాంతరంగా ఉండేలా నిలబడు. నేల నుంచి మోచేతి కింది ఎముక దాకా ఎంత ఉందో చూడు. నీ ఎత్తువాడికి అది సుమారు 103 నుంచి 106 సెంటీమీటర్లు ఉంటుంది. నీ పలక నడిమి భాగం 82 దగ్గర ఉన్నదంటే, మోచేతికి ఒక జానెడు కిందికి వంగి పని చేస్తున్నావన్నమాట. మెడ, నడుము నొప్పికి ఇంకో కారణం వెతకనక్కర లేదు.

వాలు చెడిపోవడానికి కూడా సగం కారణం ఇదేనని నా నమ్మకం. వంగి నిలబడినవాడి మోచేతులు డొక్కలకు ఆనవు, గాలిలో తేలుతూ ఉంటాయి. గాలిలో తేలే చేతితో 20 సెంటీమీటర్ల పొడవునా ఒకే కోణాన్ని పట్టి ఉంచడం ఎంత పనివాడికైనా కష్టం. మోచేతులు డొక్కలకు ఆని, ముంజేతులు సమంగా ఉండి, కాళ్లు భుజాల వెడల్పున ఎడంగా ఉంటే, బరువును ఒక కాలి మీది నుంచి రెండో కాలి మీదికి మార్చడంతోనే కత్తి బెల్టు మీద ఈ చివర నుంచి ఆ చివరకు సాగుతుంది. అప్పుడు చేతుల పని కోణాన్ని కాపాడడం ఒక్కటే. కదలిక అంతా తుంటి నుంచి రావాలి.

కాబట్టి పలక నడిమి భాగాన్ని నీ మోచేతి ఎత్తుకు గాని, రెండు మూడు సెంటీమీటర్ల కిందికి గాని తీసుకురా. అంటే స్టాండును 20 సెంటీమీటర్లు లేపాలి. అయితే లేపినకొద్దీ పైబరువు పెరిగి యంత్రం ఊగుతుంది. మట్టి నేల మీద నాలుగు కాళ్ల స్టాండు పెట్టి ఊగకుండా ఉండాలని కోరుకోవడం వృథా. మీ నాన్నగారి దాగలి దేని మీద ఉందో చూడు. నేలలో దిగేసిన మొద్దు మీద ఉంటుంది కదా, ఇదీ అంతే. మూరెడు పొడవు, వెడల్పు, లోతు ఉండేలా గొయ్యి తీసి కాంక్రీటు నింపి, అందులో 12 మిల్లీమీటర్ల బోల్టులు నాలుగు నిలబెట్టు. స్టాండుకు చదరపు గొట్టం వాడితే, దాని లోపల ఎండిన ఇసుక దట్టించి పైన మూత వెల్డింగు చేయించు. బోలు గొట్టం గంటలా మోగుతుంది, ఇసుక ఉన్న గొట్టం మోగదు. కాంక్రీటుకు, స్టాండు పాదానికి మధ్య పాత లారీ ట్యూబు ముక్కలు వేయి.

ఇవన్నీ చేశాక కూడా అదురు ఉంటే చక్రాలను అనుమానించాలి. సన్నటి తేడాలను సూదితో చూపే డయల్ గేజి ఎవరి దగ్గరైనా దొరికితే, దాని మొనను మోటారు చక్రానికి ఆనించి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి చూడు. సూది మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కన్నా ఎక్కువ ఊగితే ఆ చక్రాన్ని మళ్లీ లేతు మీదికి ఎక్కించాల్సిందే. చక్రాలన్నీ ఒకే తలంలో ఉన్నాయో లేదో పొడవైన స్కేలు ఆనించి చూసుకో.


గుణుపురం_పిడులు

నమస్కారం. మా ఇంట్లో ఆయన కత్తులు చేస్తారు, పిడులు నేను చేస్తాను. ఇద్దరిదీ ఒకే గ్రైండరు. ఇలాంటి చర్చల్లో చెప్పే ఎత్తులన్నీ మగవాళ్లకు సరిపడేవే కనుక, నా అనుభవం రాస్తే ఇంకెవరికైనా పనికివస్తుందని రాస్తున్నాను. నా ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. ఆయన మోచేతికి, నా మోచేతికి 13 సెంటీమీటర్ల తేడా ఉంది. ఆయన ఎత్తుకు అమర్చిన యంత్రం ముందు నేను నిలబడితే భుజాలు చెవుల దాకా లేపి పని చేయవలసి వచ్చేది. వంగితే నడుము పట్టినట్టే, భుజాలు ఎత్తితే మెడ వెనుక నరాలు పట్టేస్తాయి. రాత్రి చేయి తిమ్మిరెక్కి నిద్ర పట్టేది కాదు.

యంత్రాన్ని పొడుగరికి సరిపడేలా బిగించి, పొట్టివాళ్లకు కింద చెక్క వేదిక వేయడమే సులువైన మార్గం. ఆ వేదికను మీటరు పొడవున, ముప్పాతిక మీటరు వెడల్పున చేయించండి. చిన్న పీట వేసుకుంటే, బరువు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మార్చేటప్పుడు పాదం అంచు దాటుతుంది. తిరిగే బెల్టు ముందు కాలు తప్పడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర లేదు. మా వేదికకు 12 సెంటీమీటర్ల మందం ఉంది, పైన పాత కన్వేయరు రబ్బరు పరిచాము. రబ్బరు వేసినప్పటి నుంచి అరికాళ్ల మంట కూడా తగ్గింది.


పర్లాకిమిడి_కొలిమి

అన్నగారూ, అక్కా, ధన్యవాదాలు. కొలత తీయించాను. నా మోచేతి ఎత్తు 104 సెంటీమీటర్లు. గొయ్యి తీయడం ఈ ఆదివారం మొదలుపెడతాను. అయితే ఇంకొక చిక్కు ఉంది. నాన్నగారికి అరవై దాటింది, మోకాళ్లు నొప్పి. నలభై ఏళ్లు కూర్చుని పని చేసినవారు కావడంతో, గ్రైండరును కూడా నేల దగ్గరే అమర్చితే తానూ వాడతానని అంటున్నారు. ఆయన కన్ను, ఆయన చేతి లెక్క నాకు లేవు. ఆయన ఈ యంత్రం మీద చేయి వేస్తే మా కత్తుల తీరే మారుతుందని నాకు తెలుసు. కూర్చుని పని చేసేలా అమర్చుకున్నవారు ఎవరైనా ఉన్నారా?


బరంపురం_చేపకత్తి

నేను మూడేళ్లు కూర్చునే చేశాను. ఇప్పుడు మానేశాను. ఎందుకు మానేశానో చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

గోపాలపురం వైపు చేపల మార్కెట్లకు కోత కత్తులు చేస్తాను. అప్పట్లో పొట్టి స్టూలు మీద కూర్చుని, యంత్రాన్ని రెండు మోకాళ్ల మధ్య పెట్టుకుని రుద్దేవాడిని. మన గ్రైండర్ల మీద బెల్టు మనకు ఎదురుగా పై నుంచి కిందికి పరుగెత్తుతుంది. కత్తి మొన బెల్టు అంచులో చిక్కుకుంటే, యంత్రం దాన్ని కిందికే విసురుతుంది. నిలబడినవాడికి అది పాదాల ముందు పడుతుంది, కూర్చున్నవాడికి ఒళ్లో పడుతుంది. నాకు తొడ మీద తొమ్మిది కుట్లు పడ్డాయి. ఇంకొంచెం లోపలికి తెగి ఉంటే పెద్ద రక్తనాళం తెగేదని డాక్టరు చెప్పారు. అందుచేత మోకాళ్లు బెల్టు కిందికి వచ్చేలా కూర్చునే అమరిక ఎవరికీ వద్దని గట్టిగా చెబుతాను. మీ నాన్నగారి వంటి పెద్దవారికి అసలే వద్దు, ఎందుకంటే కత్తి ఎగిరినప్పుడు చటుక్కున వెనక్కు జరగగల వీలు కూర్చున్న మనిషికి ఉండదు.

దానికి మారుగా నేను చేసుకున్నది ఇది. 72 సెంటీమీటర్ల ఎత్తున్న స్టూలు ఒకటి, ముందుకు కొద్దిగా వాలిన సీటుతో చేయించాను. దాని మీద పూర్తిగా కూర్చోను, పిరుదులను మాత్రం ఆనిస్తాను. సగం బరువు స్టూలు మీద, సగం బరువు కాళ్ల మీద ఉంటుంది. మోకాళ్లు ముడవవు, కాళ్లు బెల్టు కిందికి పోవు, మోచేతి ఎత్తు కూడా నిలబడినప్పటి కన్నా నాలుగైదు సెంటీమీటర్లే తగ్గుతుంది. గరుకు బెల్టు మీద గట్టిగా నొక్కవలసిన పని నిలబడి చేస్తాను, 220 నంబరు (నంబరు పెరిగినకొద్దీ బెల్టు గరుకు తగ్గుతుంది) దాటిన నునుపు పని అంతా ఈ స్టూలు మీద చేస్తాను. ఇనుము తినేసే పని మీరు చేసి, నునుపు పని, అంచు పని నాన్నగారికి వదిలితే ఆయన కన్ను ఎక్కడ కావాలో అక్కడే పనికివస్తుంది.


బల్లార్షా_ఫిట్టరు

చేపకత్తి గారి మాటకు నా ఓటు. ఒక్కటి కలుపుతాను. స్టూలుకు చక్రాలు ఉండకూడదు, పాదాలకు రబ్బరు ఉండాలి.


జయపురం_కరెంటు

నేను కత్తులు చేసేవాడిని కాను, మోటార్లు చుట్టేవాడిని. కొరాపుట్ జిల్లాలో ఇలాంటి గ్రైండర్లు నాలుగింటికి కరెంటు పని చేశాను. ప్రశ్న వేసిన తమ్ముడు మోటారు వేగం రాశాడు గాని, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నా దృష్టిలో సౌకర్యంగా పని చేయడంలో సగం భాగం వేగం మీదే ఉంది.

లెక్క చూడండి. 100 మిల్లీమీటర్ల చక్రం ఒక చుట్టు తిరిగితే బెల్టు సుమారు 314 మిల్లీమీటర్లు సాగుతుంది. నిమిషానికి 2880 చుట్లంటే 905 మీటర్లు, అంటే సెకనుకు 15 మీటర్లు. గరుకు బెల్టుతో ఉక్కు దించడానికి ఈ వేగం బాగుంటుంది. చేయి తిరగనివాడు వాలు అంచుల దగ్గర మెల్లగా సరిచేసుకోవాలంటే మాత్రం ఇది చాలా ఎక్కువ. తప్పు జరిగిందని కన్ను గమనించేలోపే బెల్టు తినేస్తుంది. మనిషి ఆ భయంతో భుజాలు బిగబట్టుకుని నిలబడతాడు. మీ మెడ నొప్పిలో ఈ బిగబట్టడం వాటా కూడా ఉందనుకుంటున్నాను. పదును పెట్టిన, అంటే కాచి నూనెలో ముంచి గట్టిపరిచిన కత్తిని ఆ వేగంలో రుద్దితే అంచు క్షణంలో నీలం తిరుగుతుంది. నీలం తిరిగిందంటే అక్కడ ఉక్కు దాదాపు 300 డిగ్రీలకు చేరి మెత్తబడినట్టే. గడ్డి రంగు వచ్చేలా కాచి తీసుకున్న గట్టిదనం ఆ చోట పోయినట్టే.

అన్నింటికన్నా మంచి మార్గం 2 హెచ్‌పీ త్రీ ఫేజు మోటారు, దాని వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ. ఇంటికి వచ్చే సింగిల్ ఫేజు కరెంటు తీసుకుని త్రీ ఫేజుగా మార్చి ఇచ్చే వీఎఫ్‌డీలు బజారులో దొరుకుతున్నాయి. కొనేముందు ఒక విషయం చూసుకోవాలి. అలాంటి వీఎఫ్‌డీ మోటారుకు 230 వోల్టుల వరకే ఇస్తుంది. మన దగ్గర చిన్న త్రీ ఫేజు మోటార్లు ఎక్కువగా 415 వోల్టులకు స్టార్ కనెక్షనుతో వస్తాయి (స్టార్, డెల్టా అంటే మోటారు లోపలి చుట్లను కలిపే రెండు పద్ధతులు). ఆరు తీగలు బయటికి ఉన్న మోటారు అయితే, మోటారు వివరాల రేకు మీద రెండు వోల్టేజీలూ రాసి ఉంటే, డెల్టాగా మార్చుకుని వాడవచ్చు. మూడు తీగలే బయటికి ఉంటే మోటారు విప్పి లోపలి ముడిని తెరవాలి, అది చుట్టేవాడి పని. ఇది తెలియక స్టార్‌లోనే నడిపి, నొక్కగానే మోటారు ఆగిపోతోందని నా దగ్గరికి తెచ్చినవారు ఉన్నారు.

వీఎఫ్‌డీ మీద 20 హెర్ట్జ్‌కు తగ్గిస్తే బెల్టు వేగం సెకనుకు 6 మీటర్లకు వస్తుంది. చాలాసేపు అంత నిదానంగా నడిపితే మోటారు ఫ్యాను కూడా నిదానించి వేడెక్కుతుంది కాబట్టి, మధ్యమధ్య చేయి పెట్టి చూసుకుంటూ ఉండాలి. వీఎఫ్‌డీని తప్పనిసరిగా మూసి ఉన్న పెట్టెలో పెట్టండి. గ్రైండరు ధూళి అంటే ఇనుప పొడి. అది లోపలికి పోతే బోర్డు షార్టు అవుతుంది.

ఇప్పుడు ముఖ్యమైన మాట. మన ఊళ్లలో కరెంటు పోతుంది, వస్తుంది. పోయినప్పుడు స్విచ్చి ఆపడం మరిచి, కత్తిని బెల్టుకు ఆనించి పెట్టి మంచినీళ్లకు వెళ్లారనుకోండి. కరెంటు రాగానే యంత్రం తనంతట తాను తిరగకూడదు. మామూలు స్విచ్చి ఉన్న మోటారు తిరుగుతుంది. వీఎఫ్‌డీని కూడా తిప్పిన చోటే నిలిచి ఉండే మీటతో నడిపిస్తే తిరిగే వీలుంది. సింగిల్ ఫేజు మోటారైతే కరెంటు పోగానే విడిపోయే కాయిల్ ఉన్న స్టార్టరు పెట్టండి. వీఎఫ్‌డీ అయితే నొక్కి వదిలే ఆకుపచ్చ, ఎరుపు బొత్తాలు పెట్టి, కరెంటు వచ్చాక తనంతట తాను మొదలయ్యే సెట్టింగును ఆపేయండి. యంత్రాన్ని వెంటనే ఆపే ఎర్ర పుట్టగొడుగు బొత్తాన్ని చేతికి అందే చోట గాక, తుంటితో గాని మోకాలితో గాని నొక్కగలిగే చోట బిగించండి, ఎందుకంటే ప్రమాదం వేళ రెండు చేతులూ కత్తి మీదే ఉంటాయి. ఎర్తింగు లేకుండా మాత్రం దీన్ని నడపవద్దు. కింద నీళ్ల తొట్టి, చేతిలో తడి కత్తి, ఇనుప స్టాండు, మట్టి నేల, ఇవన్నీ ఒకే చోట ఉన్నాయి.


సిరొంచ_కొడవలి

నేను ఎడమ వైపు వాలు గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే ఏడాది పాటు నన్నూ అదే ఏడిపించింది.

కుడిచేతి వాటం మనిషి కత్తికి ఒక వైపు రుద్దేటప్పుడు పిడి కుడి చేతిలో ఉంటుంది. రెండో వైపు రుద్దేటప్పుడు పిడి ఎడమ చేతికి మారుతుంది. ఎడమ చేయి కోణాన్ని పట్టడం నేర్వలేదు కాబట్టి, దాని భయం కొద్దీ మనం ముందు కత్తిని బెల్టుకు ఆనించి, కుదురుకున్నాక లాగుతాము. ఆ కుదురుకునే అర క్షణంలోనే పిడి దగ్గర గొయ్యి పడుతుంది. మీరు చెప్పిన లక్షణం సరిగ్గా ఇదే. బెల్టును తాకే ముందే కత్తి కదలడం మొదలవ్వాలి, బెల్టును విడిచాకనే ఆగాలి. విమానం నేలకు దిగుతున్నట్టు తాకాలని మా పిల్లలకు చెబుతూ ఉంటాను.

రెండో సంగతి. పని ఎప్పుడూ చేతకాని వైపు నుంచి మొదలుపెట్టండి. చేతనైన వైపు ముందు చేసేస్తే, చేతకాని చేతితో దానికి జత కలపవలసి వస్తుంది. ఎడమ వైపు ముందు చేస్తే, అది ఎలా వచ్చినా కుడి చేయి దానికి సరిపెట్టుకోగలదు. ఒక్కో వైపు మూడేసి లాగులు లెక్కపెట్టుకుని తిప్పుతూ ఉండండి.

గీత లేకుండా వాలు తీయకండి. పట్టీ మందం 4 మిల్లీమీటర్లు అయితే, 4 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టు తీసుకోండి. కత్తిని, బిట్టును ఒకే అద్దం పలక మీద పడుకోబెట్టి, మార్కరుతో నల్ల చేసిన అంచు మీద బిట్టు మొనతో గీయండి. కత్తిని తిరగేసి మళ్లీ గీయండి. అంచుకు సరిగ్గా నడిమి గీత వస్తుంది, రెండు గీతలు వస్తే వాటి మధ్యన నడిమి ఉంటుంది. పదును పెట్టే ముందు అంచు దగ్గర ముప్పాతిక మిల్లీమీటరు మందం వదలండి. అంతకన్నా పలచన చేస్తే నూనెలో ముంచినప్పుడు అంచు వంకర పోతుంది.

ఆ గీత కనపడాలంటే మీ వెనుక ఉన్న ట్యూబులైటు పనికిరాదు, మీ నీడే పని మీద పడుతుంది. వంచుకునే మెడ ఉన్న ఎల్ఈడీ దీపం ఒకటి బెల్టుకు ఎడమ పక్కన, పలక ఎత్తులోనే, వెలుగు కత్తి మీద ఏటవాలుగా పడేలా పెట్టండి. ఏటవాలు వెలుగులో వాలు మీది ఎగుడుదిగుడులు పొలంలో గట్లలా కనిపిస్తాయి. దీపం పెట్టాక నా మెడ ఎంత తేలికపడిందంటే, అప్పటి దాకా చూడడం కోసమే వంగుతున్నానని అప్పుడు అర్థమైంది.

మా సిరొంచలో ఏప్రిల్, మే నెలల్లో పగలు షెడ్డులో నిలబడలేము. అప్పుడు తెల్లవారుజామున నాలుగు నుంచి ఎనిమిది దాకానే చేస్తాను. అలసిన మనిషి చేతిలో ఏ కోణమూ నిలవదు.


బరంపురం_చేపకత్తి

కొడవలి గారు చెప్పిన దానికి ఒక చిన్న పనిముట్టు చేర్చుతాను. చింత చెక్కతో జానెడు కర్ర తీసుకుని, చివర కత్తి వెన్ను కూర్చునే గాడి కోయండి. పిడి ఒక చేతిలో, ఈ కర్ర ఇంకో చేతిలో పట్టుకుని కత్తి వెనుక నుంచి నొక్కవచ్చు. వేళ్లు బెల్టుకు దూరంగా ఉంటాయి, వేడి తగలదు, నొక్కుడు సమంగా పడుతుంది. నేను వాలు తీసేటప్పుడు అంచును పైకి పెట్టి రుద్దుతాను. మొన బెల్టు అంచు దాటకుండా, చివరి సెంటీమీటరు దగ్గర నొక్కుడు పూర్తిగా వదిలేస్తాను.

చేతి తొడుగుల విషయంలో మాత్రం నేను తోలు తొడుగులు వాడతాను. ఫిట్టరు గారు ఏమంటారో?


బల్లార్షా_ఫిట్టరు

నేను ఒప్పుకోను. తిరిగే యంత్రం దగ్గర తొడుగు వద్దన్నది నాకు నేర్పిన మొదటి పాఠం. నూలు తొడుగు దారం బెల్టుకు, పలకకు మధ్య దూరితే వేలును కూడా లాక్కుపోతుంది. పైగా పదును పెట్టిన కత్తికి ఉత్త చేయే వేడిమాపకం. వేలు కాలుతోందని అనిపించగానే నీళ్లలో ముంచుతాము, ఉక్కు చెడదు. వేళ్లకు తోలు ఉంగరాల్లాంటి తొడుగులు కుట్టించుకుంటే అభ్యంతరం లేదు. అవి చిక్కుకుంటే ఊడి వస్తాయి.

బట్టల మాట కూడా ఇక్కడే చెబుతాను. భుజం మీద తువ్వాలు, లుంగీ, వదులు చొక్కా చేతులు, చెప్పులు, ఇవేవీ షెడ్డులోకి రాకూడదు. నాన్నగారికి ఇది ఎలా చెప్పాలో నీకే తెలియాలి తమ్ముడూ, కాని చెప్పాలి.


బరంపురం_చేపకత్తి

వేలి తొడుగుల మాట బాగుంది. నూలు తొడుగు వద్దన్న దానిలో మనకు తేడా లేదు. తోలువి కూడా గరుకు పనికే వాడి, పదును పెట్టిన తరువాతి పనికి తీసేయడం మొదలుపెడతాను.


గుణుపురం_పిడులు

ధూళి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. మీరు పర్లాకిమిడి వారు, అక్కడి కొమ్ము పనికి ఎంత పేరుందో చెప్పనక్కర లేదు. పిడులకు గేదె కొమ్ము మీరు ఎప్పుడో ఒకప్పుడు వాడతారు. కొమ్మును వేగంగా తిరిగే బెల్టు మీద పెడితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, పొరలు విచ్చుకుంటాయి. అది చాలా నిదానమైన వేగంలో, కొత్త బెల్టు మీద, తేలికగా తాకిస్తూ చేయవలసిన పని. ఆ పొడి గొంతులో కూర్చుంటే రోజంతా దగ్గే. ఇరుగుడు చెక్క పొడి నాకు మెడ మీద, మోచేతి మడతల్లో దద్దుర్లు తెప్పించింది. ముక్కుకు కట్టుకునే రుమాలు సన్నటి ధూళిని ఆపలేదు. కనీసం ఎన్95 మాస్కు, వీలైతే మార్చుకునే ఫిల్టర్లు ఉన్న రబ్బరు మాస్కు కొనండి. గడ్డం ఉన్నవారికి రబ్బరు మాస్కు అంచుల దగ్గర గాలి దూరుతుందని మా ఆయన గడ్డం తీయించుకున్నాక తెలిసింది.

బెల్టు కింద వెడల్పాటి నీళ్ల తొట్టి పెడితే నిప్పురవ్వలు, ఇనుప పొడి చాలా వరకు అందులోనే పడతాయి. కాని చెక్క పని చేసే ముందు ఆ చుట్టుపక్కల అంతా ఊడ్చండి. ఎండిన చెక్క పొడి కుప్ప మీద ఉక్కు రవ్వలు పడితే, వెంటనే కనపడకుండా లోలోపల రాజుకుంటుంది. మేము పని ముగిశాక అరగంట దాకా షెడ్డుకు తాళం వేయము.


జయపురం_కరెంటు

వానాకాలం మాట ఒకటి. మా కొరాపుట్ కొండల్లో జూన్ నుంచి బెల్టులు చెమ్మగిల్లి వంకర తిరుగుతాయని, చక్రం మీద నిలవక పక్కకు జారుతున్నాయని అంటే, యంత్రం పాడైందేమోనని నేను రెండు సార్లు వెళ్లి చూశాను. యంత్రం బాగానే ఉంది. బెల్టులను సన్నటి మేకుకు తగిలించడం వల్ల అక్కడ మడత పడింది, చెమ్మ దాన్ని ఇంకా పెంచింది. చేతి మందం ఉన్న పీవీసీ గొట్టం ముక్కకు వాటిని తగిలించి, మూత ఉన్న బీరువాలో పెట్టమన్నాను. ఆ తరువాత నన్ను పిలవలేదు.


పర్లాకిమిడి_కొలిమి (ఐదు వారాల తరువాత)

ఆలస్యానికి మన్నించాలి. అందరి మాటలూ ఒక కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటే చేశాను.

గొయ్యి తీసి కాంక్రీటు పోశాను. పది రోజులు తడిపాక స్టాండును ఎత్తు పెంచి, ఇసుక దట్టించి బిగించాను. పలక నడిమి భాగం ఇప్పుడు 102 సెంటీమీటర్ల దగ్గర ఉంది. మొదటి రోజే తేడా తెలిసింది. గ్లాసులో నీళ్లు పోసి యంత్రం మీద పెడితే, లోగడ అంచు దాటి చిందేవి, ఇప్పుడు పైన చిన్న వలయాలు మాత్రమే వస్తున్నాయి. రెండు గంటలు నిలబడినా నడుము అడగడం లేదు. వీఎఫ్‌డీకి ఇంకా డబ్బు సమకూరలేదు. అంతదాకా, కాయిల్ స్టార్టరు పెట్టించి, పదును పెట్టిన తరువాతి పనికి మాత్రం 1440 చుట్ల పాత మోటారు ఒకటి మార్చి బిగిస్తున్నాను. వేగం సగమైంది. మార్చడానికి పావుగంట పడుతుంది గాని, ఈ నెలలో ఒక్క అంచు కూడా నీలం తిరగలేదు.

ఎడమ వైపు నుంచి మొదలుపెట్టడం, తాకే ముందే కదలడం, ఈ రెండూ నా కత్తుల్ని మార్చాయి. ఏడు చేస్తే ఒక్కటే పక్కన పెట్టాను, దాని తప్పు కూడా చిన్నదే.

నాన్నగారికి చేపకత్తి గారు చెప్పినట్టు 70 సెంటీమీటర్ల స్టూలు చేయించాను. మొదట రెండు రోజులు దాని మీద ఆనడానికి ఇష్టపడలేదు. మూడో రోజు నేను నునుపు చేసిన కత్తిని తీసుకుని, దీపం వెలుగులో తిప్పి చూసి, మొనకు రెండు అంగుళాల ఇవతల ఒక చోట వేలు పెట్టి, ఇక్కడ గింజంత ఎత్తు ఉందన్నారు. నాకు కనపడలేదు. ఆయనే స్టూలు మీద ఆని, 400 నంబరు బెల్టు మీద మూడు సార్లు తాకించి ఇచ్చారు. స్కేలు పెట్టి చూస్తే అప్పుడు సందు పోయింది. ఇప్పుడు సాయంత్రం పూట గంటసేపు ఆయనే నునుపు పని చేస్తున్నారు. తువ్వాలు బయట కొక్కేనికి తగిలించి లోపలికి వస్తున్నారు.

ఒక్క సమస్య మిగిలింది. చదునుగా రావలసిన వాలు నడిమిలో కొంచెం ఉబ్బుగా వస్తోంది. నాకూ, నాన్నగారికీ ఇద్దరికీ అలాగే వస్తోంది కాబట్టి, ఇది చేతి తప్పు అనిపించడం లేదు.


బల్లార్షా_ఫిట్టరు

ఇద్దరికీ వస్తోందంటే అది పలకదే. బెల్టు తీసి, వెనుక పలక మీద స్కేలును అడ్డంగా నిలబెట్టి, వెనుక నుంచి దీపం పెట్టి చూడు. నడిమిలో వెలుగు కనిపిస్తే పలక అరిగి గుంట పడింది. ఆ గుంటలోకి బెల్టు దిగి, కత్తి మీద ఉబ్బుగా తేలుతుంది. మెత్తని ఇనుప పలక ఆరు నెలల్లో అరగడం వింత కాదు.


పర్లాకిమిడి_కొలిమి

చూశాను అన్నగారూ. నడిమిలో వెలుగు కనిపించింది, పాత పోస్టుకార్డు మందం దూరుతోంది.


బల్లార్షా_ఫిట్టరు

అయితే దాన్ని విప్పి మిల్లింగు చేయించి, మీద వేడికి పగలని సెరామిక్ గాజు పలకను అతికించు. మామూలు కిటికీ అద్దం వాడకు, వేడికి చిట్లుతుంది. అతికించడానికి వేడిని తట్టుకునే ఎపాక్సీ వాడు. కింది అంచున చిన్న ఇనుప పట్టీ వెల్డింగు చేయించి, దాని మీద గాజు కూర్చునేలా చేయి, అంటు ఊడినా బెల్టు దాన్ని కిందికి లాగలేదు. గాజు అంచులను బిగించే ముందే పాత బెల్టుతో గుండ్రంగా రుద్దుకో, లేకపోతే బెల్టు అతుకు దానికి కొట్టుకుని తెగుతుంది. గాజు మందం ఎంత పెరిగిందో కొలిచి, పని ఆనించే బల్లను అంతే వెనక్కు జరుపు. బల్లకు, బెల్టుకు మధ్య సందు 2 మిల్లీమీటర్లు దాటకూడదు. మూలమట్టం పెట్టి బల్ల కోణం చూసుకున్నాకనే స్విచ్చి వేయి.